రెండు చేతుల పని

నా చేతి మీదుగా పెట్టిన పాదు ఎండిపోవడమన్నది ఇంతవరకు లేదు. గొప్పలు చెప్పుకుంటానని మా ఆయన అంటారు. ఉన్న మాట చెప్పుకుంటే గొప్పెలా అవుతుంది? ఆ ఏడు పెరట్లో నాలుగు చిక్కుడు పాదులు పెట్టాను. నాలుగూ పందిరెక్కి గుత్తులు గుత్తులుగా పూశాయి.

అప్పుడే మామగారికి పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది. ఆయన దర్జీ. కుట్టేది మిషనే అయినా గుడ్డని సూది కిందికి నడిపేది ఎడమ చెయ్యే. అది మళ్ళీ రాకపోతే ఇక ఆయన కుట్టలేరు. డాక్టరు రబ్బరు బంతి ఇచ్చి రోజూ పిసకమన్నాడు. మామగారు దాన్ని మంచం కిందికి దొర్లించేశారు.

"బంతులాడే వయసా నాది? ఈ చెయ్యి పోయింది, వదిలెయ్యండి."

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. అయితే ఏం, నేను ఆయన కోడల్ని. మర్నాడు పొద్దున్నే పందిరి కింద స్టూలు వేసి కూర్చోబెట్టి, ఒళ్ళో గిన్నె పెట్టాను.

"మామయ్యా, ఇంట్లో పని తెమలడం లేదు. కాయలు మీరే కోసిపెట్టాలి."

"ఒంటి చేత్తోనా?"

"ఎలాగో ఒకలా కోయండి."

చిక్కుడు కోయడం రెండు చేతుల పని. ఒక చెయ్యి గుత్తి కాడని పట్టుకుంటే, రెండోది కాయని తుంచాలి. ఆయన కుడి చేత్తో పట్టి లాగారు. కాయతో పాటు పూతా పిందే ఊడి, మూరెడు తీగ ఒళ్ళో పడింది. ఆ తీగని తీసి పక్కన పెట్టి, గిన్నె సరిగ్గా జరిపాను.

వారం తిరిగేసరికి రెండు పాదులు ఈకలు పీకిన కోడిలా తయారయ్యాయి.

"నీ పాదు మీద ఈగ వాలితే ఊరుకోవు, ఇదేమిటి?" అన్నారు మా ఆయన.

"పాదు మళ్ళీ పెట్టుకుంటాను. చెయ్యి పెట్టుకోగలమా? మీరు వెళ్ళండి."

ఆ పాదుల్ని చూసి మామగారికి సిగ్గేసింది. కుట్టు నూలుపోగంత వంకర పోయినా విప్పేసి మళ్ళీ కుట్టే మనిషి. మూడో పాదు దగ్గర కాయని లాగబోయి ఆగారు. కుడి చేత్తో ఎడమ చేతిని ఎత్తి తీగ మీద పెట్టారు. జారిపోయింది. మళ్ళీ పెట్టారు, మళ్ళీ జారింది. రోజూ అదే తంతు. వంటింటి కిటికీలోంచి చూస్తూ, సాయం వెళ్ళకుండా నన్ను నేను ఆపుకోవడమే నాకు పెద్ద పనైంది.

పన్నెండో రోజు పొద్దున "అమ్మాయ్!" అని కేక. పరుగెత్తాను. గిన్నెలో ఒక్కటంటే ఒక్క కాయ ఉంది. కింద ఒక్క పువ్వు కూడా రాలలేదు. ఎడమ చేతి వేళ్ళు గుత్తి కాడ చుట్టూ బిగుసుకుని ఉన్నాయి.

"పట్టుకుంది గానీ వదలడం లేదమ్మా" అన్నారాయన కంగారుగా. "నీ తీగ తెగిపోతుందేమో, చూడు."

నాకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే పక్కన కూర్చుని ఒక్కొక్క వేలూ విప్పాను. చిటికెన వేలికి కూడా నా బలమంతా పెట్టాల్సి వచ్చింది. ఆ గట్టిదనం చూస్తే ఎంత సంతోషమో!

"ఇవాళ పట్టుకోవడం వచ్చింది కదా మామయ్యా. వదలడం రేపు నేర్చుకుందురు గాని."

"రేపెందుకు? ఇంకా ఎండైనా ఎక్కలేదు" అని ఆయన ఆ చేతిని మళ్ళీ తీగ మీదికి ఎత్తి పెట్టుకున్నారు.