ఆఖరి నోరు

మా అన్న కూతురు శిరీష ఈగల్ని తినే మొక్కను ఆన్‌లైన్‌లో తెప్పించిన రోజే, అది పిల్లుల్ని కూడా తింటుందని మా వాడలో అందరికీ చెప్పాను. పక్కింటి దేవవ్వ అప్పట్నుంచి తన పిల్లిని గడప దాటనివ్వలేదు.

ఆ మొక్క ఆకుల చివర నోళ్ళుంటాయి. రెండు రెప్పలు, అంచుల్లో ముళ్ళు, లోపల ఎరుపు. మా వదిన గంగమణి జాలిపడి దానికి బియ్యం కడిగిన నీళ్ళు పోసింది, చెరకుకు తెచ్చిన యూరియా కూడా చిటికెడు వేసింది. నోళ్ళన్నీ నల్లబడి, ఒక్కటి మిగిలింది.

శిరీష ఏడ్చేసింది. "గిది బురదల పుట్టే మొక్కనే అమ్మా. ఆ బురదల సారముండదు, గందుకే పురుగుల్ని పట్టుకొని తింటది. ఎరువు దీనికి విషం!"

"ఎరువేస్తే సచ్చే సెట్టు ఏడన్న ఉంటదా?" అంది వదిన.

శిరీష మట్టి మార్చి, రేకుల మీంచి పట్టిన వాన నీళ్ళు పళ్ళెంలో పోసి కుండీని అందులో పెట్టింది. "ఈ ఒక్క నోరు బతికితేనే కొత్తాకు వస్తది. కాకా, నీకు దండం పెడ్త, ముట్టకు."

ముట్టకు అంటే నా చెయ్యి ఊరుకుంటుందా? వదిన బీడీలు చుట్టే చాటలోంచి తంబాకు పలుకు తీసి ఆ నోట్లో పెట్టి, పుల్లతో కదిపాను. లోపలి వెంట్రుక ఒకటి తగిలింది. ఏమీ కాలేదు. మళ్ళీ తగిలింది. టక్కున మూసుకుంది! పుల్ల వదిలేసి వెనక్కి పడ్డాను.

"ఏం జేసినవ్ కాకా! ఉత్తగ మూస్తే దాని బలం పోతది. ఇగ తెరుస్తదో, నల్లవడ్తదో!"

పుల్ల తీసి అవతల పారేశాను.

పొద్దున లేచి చూస్తే నోరు తెరిచే ఉంది. తంబాకు పలుకు చెక్కుచెదరలేదు.

"లోపల ప్రాణి గింజుకుంటనే బిగిస్తది. లేకుంటే ఇడిసిపెడ్తది," అంది శిరీష, పలుకును మెల్లగా తీసేస్తూ.

మాటలతో వాడలో అందర్నీ ఆడించేవాణ్ణి నేను. కళ్ళు లేవు, మెదడు లేదు, ఆ మొక్క మాత్రం నాకు చిక్కలేదు.

అంతలో నిజం ఈగ వాలింది. ఒక వెంట్రుక. ఇంకొకటి. మూసుకుంది. ముళ్ళ వెనక నీడ గింజుకున్నకొద్దీ రెప్పలు బిగుసుకున్నాయి.

"ఏందే కాకా, సప్పుడు జేస్తలేవు?"

"ఉష్. తింటున్నది బిడ్డా."

వారం దాటాక అది మళ్ళీ తెరిచేసరికి ఈగ డొల్ల మాత్రమే మిగిలింది. మొక్క నడుమ పచ్చగా కొత్తాకు, దాని కొనకు గోరంత మూసిన నోరు. శిరీష నా భుజం పట్టుకుని ఊపేసింది.

గోడవతల నుంచి దేవవ్వ అడిగింది. "నిజం చెప్పురా, గది పిల్లిని తింటదా?"

"ఇప్పుడైతే చిన్న నోరే అవ్వా," అన్నాను. "పెరగనీ."