అదే పెట్టె

వీరాస్వామి కంప్యూటరు స్విచ్చి నొక్కి, మగ్గు పట్టుకుని ఆఫీసు ముందున్న క్రోటన్ల దగ్గరికి నడిచాడు. అది తెరుచుకునేలోగా కుండీలన్నిటికీ నీళ్లు పోసెయ్యడం ఆయన అలవాటు. ఈ మధ్య కుండీలు అయిపోయినా తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉంటున్నాయి. బయట నాగపూర్ లారీ హారన్ కొడుతుంది, ఎక్కించిన మామిడి అంట్లు ఎండకు వాడిపోతుంటాయి. ఈయనేమో తప్పు తనదే అయినట్టు తలొంచుకుని కూర్చుంటాడు.

కడియం నర్సరీలో బిల్లులు కొట్టడమే ఆయన బతుకు. వంగిన వీపు, మట్టి రంగు తిరిగిన గోళ్లు, లావు కళ్లద్దాలు. కంప్యూటరు పెట్టెకు ఎండ తగులుతుందని, మొక్కలకు నీడకోసం వేసే పచ్చ నెట్టే దానికీ కప్పేవాడు. పెట్టె ముసలిదైపోయింది, తనూ అంతేగా అని సరిపెట్టుకున్నాడు. ఓనరు పల్లంరాజు గారిదీ అదే మాట. ఇవాళ్టితో ఇద్దరికీ సెలవు. రేపట్నుంచి కొత్త కంప్యూటరు, కొత్త ఆపరేటరు. పాతదాన్ని తుక్కుకి వేస్తారని విన్నప్పట్నుంచీ వీరాస్వామికి ముద్ద దిగడం లేదు.

కొత్తది బిగించడానికి రాజమండ్రి నుంచి సురేంద్ర వచ్చాడు. నెట్టు ఎత్తి చూసి పకపకా నవ్వాడు.

"ఇదేంటండీ బాబూ, గాలాడకుండా ముసుగేశారు! పారేసేదేగా, ఓసారి విండోస్ తీసేసి లినక్సు ఎక్కించి చూద్దామండి. దాని బరువు మొయ్యలేకపోతోంది పాపం."

భోజనాల వేళకి ఎక్కించడం అయింది. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒకేసారి స్విచ్చి నొక్కాడు. కూలీలు కిటికీకి చేరారు. వీరాస్వామి అలవాటు కొద్దీ మగ్గు అందుకున్నాడు.

కొత్తదే ముందు తెరుచుకుంది, ఒప్పుకోవాలి. కానీ ఆయన గుమ్మం దాటకముందే పాతదాని తెర నిండా వెలుగు! మగ్గుతోనే వెనక్కి తిరిగాడు.

"పెట్టె అదేనాండి?"

"అదేనండి. లోపల నడిపే సిస్టమే మారింది."

మగ్గు కింద పెట్టి ఒక మీట నొక్కాడు. వేలు లేవకముందే అక్షరం వచ్చి కూర్చుంది. ఇన్నేళ్లూ ఈ ఉరుకంతా ఇందులోనే ఉందా? ఆయనకు నవ్వొచ్చింది, కళ్లూ తడిశాయి.

"మన బిల్లుల ప్రోగ్రాం దీంట్లో ఆడుతుందా?" అన్నారు పల్లంరాజు గారు.

"ఆడదండి. దానికి విండోసే ఉండాలి."

అక్కడితో తేలిపోయింది. వీరాస్వామి జన్మకో కోరిక అడిగాడు. "తుక్కుకి వద్దండి. నాకిచ్చెయ్యండి."

"పట్టుకెళ్లవయ్యా, దానికేం!"

పెట్టెను చంటిబిడ్డలా పొట్టకి ఆనించుకుని, వెళ్లొస్తానని ఎవరికీ చెప్పకుండానే ఆటో ఎక్కేశాడు.

సాయంత్రం పల్లంరాజు గారు గదికి తాళం వెయ్యబోయి ఆగారు. కంప్యూటరు గదిలోకి ఎన్నడూ చెప్పులతో అడుగుపెట్టని మనిషి వీరాస్వామి. గడప పక్కన, మడమల దగ్గర అరిగిపోయిన ఆయన రబ్బరు చెప్పులు.