డబుల్ టైర్ల డాడ్జికి రెక్కలు

ప్రత్తిపాడు దగ్గర పల్లెలో ఉండే బుల్లయ్యకు కాస్త మిరప, కాస్త పత్తి, ఒక పాత డాడ్జి పికప్ ఉన్నాయి. పంటలు ఏడాదికోసారి ఏడిపిస్తే బండి రోజూ ఏడిపిస్తుందని ఆయన భార్య సుబ్బరావమ్మ అంటూ ఉంటుంది. బుల్లయ్య మాత్రం ఆ బండిని ఎవరు ఏమన్నా ఒప్పుకోడు. గుండ్రటి ముక్కు, కప్పకళ్లలాంటి లైట్లు, తలుపు వేస్తే గుడి తలుపు వేసినంత మోత. వాళ్ల నాన్న గుంటూరు వేలంలో పాడుకొచ్చిన బండి అది. నల్లరేగడి నేలలో దిగబడుతోందని ఆ పెద్దాయనే వెనక ఇరుసు మార్పించి, ఇటు రెండు, అటు రెండు చక్రాలు వేయించాడు. అప్పట్నుంచి బండి దిగబడటం మానేసింది. కానీ బయటి చక్రాలు రెండూ వెనక సామాను వేసే తొట్టి అంచు దాటి జానెడు బయటికి పొడుచుకొచ్చాయి. వాటిని కప్పే రేకు లేదు. వాన పడిందంటే బండికి రెండు పక్కలా బురద ధారగా లేచేది. డాడ్జి మోత వినపడగానే అరుగు ఎక్కడం ఊళ్లో అందరికీ అలవాటైపోయింది.

ఆ అలవాటు లేని మనిషి ఒక్కరే ఉన్నారు. హెడ్మాస్టరుగా పనిచేసి రిటైరైన లక్ష్మీనరసింహం గారు. ఆయన అరుగు ఎక్కరు. రోడ్డు మీద నిలబడే హక్కు అందరికీ ఉందని ఆయన వాదన.

సెప్టెంబరులో గురుపూజోత్సవం నాడు హైస్కూల్లో ఆయనకు సన్మానం పెట్టారు. గంజిపెట్టిన తెల్లపంచె, లాల్చీ, జరీ ఉత్తరీయంతో ఆటో కోసం రాత్రి వానకు బురదైన రోడ్డు పక్కన నిలబడ్డారు. బుల్లయ్య ఎరువుల కొట్టు మూసేస్తారేమోనన్న తొందరలో చూసుకోకుండా వెళ్లిపోయాడు. అద్దంలో చూస్తే, ఇందాక తెల్లగా ఏదో ఉన్న చోట నల్లటి స్తంభం ఒకటి కళ్లజోడు తీసి తుడుచుకుంటోంది.

బుల్లయ్యకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఆయన దగ్గరే పదో తరగతి లెక్కలు చదివాడు, రెండుసార్లు. అరవైకి దగ్గరపడ్డా ఆయన ముందు నిలబడితే చేతులు వాటంతటవే కట్టుకుంటాయి. బండి ఆపి పరుగెత్తుకెళ్లాడు.

"బుల్లయ్యా, వృత్తానికి స్పర్శరేఖ అంటే ఏమిటో నీకు ఎన్నిసార్లు చెప్పాను?" అన్నారు మాస్టారు.

"శానాసార్లు చెప్పారండి."

"ఇవాళ నువ్వు నాకు చెప్పావు."

ఆయన తిట్టలేదు, పంచాయతీకి చెబుతాననీ అనలేదు. రేపు సాయంత్రం బండి కొలతలు రాసుకుని ఇంటికి రమ్మన్నారు. ఆ చక్రాల మీదికి మడ్‌గార్డులు తానే గీసిస్తారట. ఇంతకంటే నాలుగు తిట్టి ఉంటే బాగుండేదని బుల్లయ్య ఇంటికొచ్చి భార్యతో మొర పెట్టుకున్నాడు. హోంవర్కు చేసుకుని పడుకోమంది సుబ్బరావమ్మ.

మాస్టారు వృత్తలేఖినితో రెండు రోజులు కూర్చుని బొమ్మ గీశారు. చక్రం చుట్టూ చక్కటి అర్ధవృత్తం, టైరుకీ రేకుకీ మధ్య మూడు వేళ్ల ఎడం, కింద ఇరుసు దాకా దిగిన అంచు. బొమ్మ చూస్తే దండం పెట్టాలనిపించేలా ఉంది. బుల్లయ్య దాన్ని తీసుకుని నల్లపాడులో కోటేష్ షెడ్డుకు వెళ్లాడు.

కోటేష్ ట్రాక్టరు ట్రక్కులు, ఆటోల బాడీలు కడతాడు. చేతిపని గొప్పదే గానీ, రేకును రేకులా వదిలేసే గుణం లేదు. ట్రక్కు తలుపు చేయమంటే హంసలు కొడతాడు, నీళ్ల ట్యాంకరు చేయమంటే దానికి నడుం పెడతాడు. మాస్టారి బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, ఇందులో తను చేయడానికేముందని నిట్టూర్చాడు. చక్రాలు జోడుగా ఉన్న బండికి భుజాలు కనపడాలట, ఇది కుండ బోర్లించినట్టు ఉందట. బుల్లయ్య బతిమాలితే చివరికి మొహం మాడ్చుకుని, బొమ్మలో ఎట్లా ఉందో అట్లాగే చేసిపెట్టాడు.

ఊళ్లో అందరికీ నచ్చింది. ఖాళీ బండి నాలుగు వీధులూ తిరిగొచ్చింది, ఎవరి మీదా చుక్క పడలేదు. మాస్టారు వీధిగుమ్మంలో నిలబడి తల పంకించారు.

ఆ వారంలోనే బుల్లయ్య గుంటూరు వెళ్లి మిరప చేనికి ఎరువు బస్తాలు వేసుకుని బయల్దేరాడు. సగం దారిలో మాడు వాసన మొదలైంది. ఇంజనేమోనని దిగి బండి ముందు మూత ఎత్తి చూశాడు, ఏమీ లేదు. మళ్లీ ఎక్కి కాస్త దూరం వెళ్లాక వెనక పొగ కనపడింది. ఎరువుకు నిప్పంటుకుందనుకుని తలుపైనా వేయకుండా పక్క పత్తి చేలో పడి పరుగు తీశాడు. చేలో కలుపు తీస్తున్న ఆడవాళ్లు ఈయన పరుగు చూసి, ఎందుకో అడగకుండానే తామూ పరుగెత్తారు. అందరూ గట్టు మీద చేరి ఎంతసేపు చూసినా ఏమీ పేలలేదు. దగ్గరికెళ్లి చూస్తే, బరువుకు తొట్టి దిగి కూర్చుంది. రేకు టైరు మీద ఆని దాన్ని దోసకాయ చెక్కినట్టు చెక్కేసింది.

టైరు మార్చుకుందామంటే అదీ కుదరలేదు. రేకు ఇరుసు దాకా దిగి ఉండటంతో చక్రం బయటికి రాలేదు. బస్తాలకు కలుపు తీసేవాళ్లను కాపలా పెట్టి బుల్లయ్య ఆటోలో ఇల్లు చేరాడు.

మాస్టారు ఈ సంగతి విని, రోడ్డు బాగా లేదన్నారు. కోటేష్ విని, షెడ్డులో అందరికీ టీ చెప్పాడు.

ఈసారి తన ఇష్టానికి వదిలేయాలని కోటేష్ షరతు పెట్టాడు. టైరుకు తగలకూడదు అంతేగా అన్నాడు. వారం తర్వాత వెళ్లి చూసిన బుల్లయ్యకు తన బండిని గుర్తుపట్టడానికి కొంత సమయం పట్టింది. చక్రాల మీద రెండు పెద్ద రెక్కలు పైకి లేచి, పక్కలకు మూరెడు విచ్చుకుని, చివర్లో వంపు తిరిగి ఉన్నాయి. వాటికి నెమలిపింఛం రంగు. అవి అల్లాడిస్తే బండి లేచి అమరావతి దాకా ఎగిరిపోతుందేమో అనిపించింది. బాగోలేదని చెప్పే ధైర్యం బుల్లయ్యకు లేదు. ఆ మాటకొస్తే బాగుందని కూడా లోపల ఒక మూల అనిపించింది.

చేయించిన పని ముందుగా తనకు చూపించాలని మాస్టారి ఆజ్ఞ. ఆయన ఉండే సందు ఇరుకు. ఒక పక్క వాళ్ల ప్రహరీ, ఇంకో పక్క కరెంటు స్తంభం. బుల్లయ్య ముందు చక్రాలను లెక్కేసుకుని దూరిపోయాడు. వెనక రెక్కలు లెక్కలో లేవు. ఎడమ రెక్క ప్రహరీ మీది చప్టాకూ, కుడి రెక్క స్తంభానికీ పట్టేసి బండి ఆగిపోయింది. ముందుకు రాదు, వెనక్కి పోదు. పైగా సరిగ్గా మాస్టారి గేటుకు అడ్డంగా ఆగింది.

మాస్టారు లోపల చిక్కుకుపోయారు. ఆయన భార్య రాజరాజేశ్వరి గారు గోడ మీదుగా బుల్లయ్యకు కాఫీ గ్లాసు అందించి, పాపం వేడిగా తాగమన్నారు. బుల్లయ్య ఫోను చేస్తే కోటేష్ కటింగ్ మిషను పట్టుకుని వచ్చాడు. వచ్చాడు గానీ మిషను కింద పెట్టి రెక్క మీద చెయ్యి వేసి నిలబడిపోయాడు.

"నేను కొయ్యను బాబాయ్. గోడ ఒక్క ఇటిక తీస్తే బండి హాయిగా పోద్ది," అన్నాడు.

"మా తాతగారు కట్టించిన గోడ అది," అన్నారు లోపలినుంచి మాస్టారు.

"పోనీ స్తంభం?"

"స్తంభం ప్రభుత్వం వారిది."

వాదన పెరిగేకొద్దీ జనం చేరారు. సందులో చోటు చాలక, లోపల మాస్టారు ఏమంటున్నారో వినపడక, ఒక్కొక్కరే డాడ్జి తొట్టిలోకి ఎక్కారు. అక్కణ్నుంచి పెరడంతా బాగా కనిపిస్తోందట. సుబ్బరావమ్మ మొగుణ్ని వెతుక్కుంటూ వచ్చి తనూ ఎక్కింది. చివరగా రైసుమిల్లు పేరయ్య ఎక్కాడు. ఆయన ఎక్కితే బండి ఒక్కసారి మూలిగింది.

చక్రం పక్కన గొంతుక్కూర్చుని ఉన్న కోటేష్ నోరు తెరిచాడు. గోడ మీదినుంచి తొంగిచూస్తున్న మాస్టారూ మాట మధ్యలో ఆపేశారు. తొట్టి బెత్తెడు కిందికి దిగింది. ఇద్దరూ ఒకేసారి టైరు వంక, తర్వాత ఒకరి వంక ఒకరు చూసుకున్నారు.

"మనం ఖాళీ బండికి కొలతలు తీశాం కోటేషూ," అన్నారు మాస్టారు మెల్లగా.

"నేనసలు కొలతే తియ్యలేదండి," అన్నాడు కోటేష్ అంతకంటే మెల్లగా.

ఇక అక్కణ్నుంచి ఎవరినీ దిగనివ్వలేదు. మాస్టారు గోడకు నిచ్చెన వేయించుకుని ఎక్కి, పైనుంచి ఆజ్ఞలు మొదలుపెట్టారు. ఎరువు లోడంత బరువు కావాలి గనక ఎవరి బరువు వాళ్లు చెప్పమన్నారు. ఆడవాళ్లలో కొందరు పెళ్లినాటి బరువు చెప్పారు. సుబ్బరావమ్మ యాభై అంది. బుల్లయ్యకు దగ్గొచ్చింది. ఆవిడ చూసిన చూపుకు ఆ దగ్గు అక్కడే తగ్గిపోయింది. చెప్పిన లెక్కకూ బండి దిగిన లోతుకూ పొంతన కుదరక, మాటలు నమ్మడం మానేసి టైరునే నమ్ముదామని మాస్టారు తేల్చారు. కోటేష్ సుద్దముక్కతో టైరు పక్క గుర్తు పెట్టాడు.

తర్వాత అందరూ ఎడమకు జరగమన్నారు. గుర్తు పెట్టారు. కుడికి జరగమన్నారు. పేరయ్య ఒక్కణ్నే అటూ ఇటూ నడవమన్నారు. మిల్లులో పని ఉందని ఆయన గొణిగాడు గానీ, తాను కదిలితే బండి కదలడం చూసి ఆయనకూ సరదా పుట్టింది.

"ఇప్పుడు గతుకు," అన్నారు మాస్టారు. "ఒకటి, రెండు, మూడు అంటాను. మూడుకు అందరూ కలిసి ఎగరాలి."

అందరూ ఎగిరారు. కోటేష్ గుర్తు పెట్టాడు. చాలదు, మన ప్రత్తిపాడు రోడ్డు ఇంతకంటే ఘోరంగా ఉంటుందన్నారు మాస్టారు. ఇంకోసారి, ప్రాణం పెట్టి ఎగిరారు. ఆ ఎగురుడుకు ఎడమ రెక్క చప్టా మీద ఫెళ్లున విరిగి, ఒక్క పల్టీ కొట్టి మాస్టారి పెరట్లో పడింది. బండి గోడను వదిలేసి ఒక పక్కకు ఊగి నిలబడింది. కోటేష్ టోపీ తీసి కాసేపు నిలబడ్డాడు. రాజరాజేశ్వరి గారు ఆ రెక్కను బోర్లా తిప్పి చూసి, కనకాంబరం మొక్కలు వేసుకోవడానికి అనువుగా ఉంది, ఇచ్చేయమన్నారు. ఆ మాట విన్నాక కోటేష్ ప్రాణం కాస్త కుదుటపడినట్టే కనిపించింది.

మూడో జత మాత్రం ఇద్దరూ కలిసి చేశారు. మాస్టారు రోజూ ఆటోలో నల్లపాడు వెళ్లేవారు. షెడ్డులో ఆయనకో స్టూలు వేశారు. వాళ్ల పోట్లాటలు వినడానికి పక్క షాపుల వాళ్లు పని ఆపుకుని వచ్చేవారు. చివరికి తేలిన ఆకారం అర్ధవృత్తం కాదు. పైన ఎత్తుగా, వెనక్కి కాస్త వాలుగా ఉంది. బయటి టైరును రెండు వేళ్లు దాటి అక్కడితో ఆగింది. బయటి ముక్కను బోల్టులతో బిగించారు, పంక్చరైతే విప్పుకోవచ్చు. కింద రబ్బరు తెర. అంతా మాస్టారి కొలతే గానీ, అంచు వెంబడి మాత్రం చూపుడువేలంత సన్నటి వంపు ఒకటి కోటేష్ తిప్పుకున్నాడు. దానికి మాస్టారు ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది. నీళ్లు జారిపోవడానికి పనికొస్తుందని కోటేష్ అన్నాడు. అది అబద్ధమని మాస్టారికి తెలుసు, కానీ చూడ్డానికి బాగుందని అప్పటికే ఆయనకూ అనిపించింది.

వాయుగుండం వాన పట్టిన రోజు బుల్లయ్య మళ్లీ ఎరువుకు గుంటూరు బయల్దేరితే, పరీక్షించాలంటూ మాస్టారు పక్కసీట్లో కూర్చున్నారు. బుల్లయ్య గేరు మార్చడానికి కూడా ఆయన అనుమతి అడిగినంత పని చేశాడు. తిరుగు ప్రయాణంలో బస్తాల బరువుకు బండి దిగి కూర్చుంది, గతుకుల్లో పడింది, లేచింది. మాస్టారు కిటికీలోంచి తల బయటపెట్టి వెనక చక్రాన్నే చూస్తున్నారు. వాసన లేదు, పొగ లేదు. ఎదురొచ్చిన సైకిలు మనిషి అలవాటు కొద్దీ గట్టు మీదికి దూకి, తన మీద ఏమీ పడకపోవడంతో వెనక్కి తిరిగి అనుమానంగా చూశాడు.

వాన వెలిశాక ఒక బడ్డీ దగ్గర ఆపి బుల్లయ్య మిరపకాయ బజ్జీలు తెచ్చాడు. మాస్టారు ఘాటుకు ముక్కు తుడుచుకుంటూ, ఉన్నట్టుండి చెప్పారు:

"మీ నాన్న ఈ బండి తెచ్చిన రోజు నాకు గుర్తుంది. అప్పుడు నేను కొత్తగా ఉద్యోగంలో చేరాను. ఒక్కసారి ఎక్కాలని ఉండేది. ఎవరూ రమ్మనలేదు."

బుల్లయ్య ఇన్నేళ్లూ ఈయన్ను చూస్తే తప్పుకుని తిరిగాడు. ఈయన బండి కోసం చూస్తున్నారని ఎవరనుకుంటారు?

"మీరు అడిగితే కదండీ," అన్నాడు.

"మాస్టారుగా ఎట్లా అడగను?"

బుల్లయ్య చేతులు కట్టుకోవడం మరిచిపోయి, వెనక తలుపు గొళ్లెం తీశాడు. "సీట్లో ఏముందండీ, బండి మజా అంతా యెనకే. రండి, చెయ్యివ్వండి," అన్నాడు.

లక్ష్మీనరసింహం గారు పంచె ఎగ్గట్టి బస్తాల మీదికి ఎక్కారు. మొదట కూర్చున్నారు. కాసేపటికి క్యాబిన్ పైకప్పు పట్టుకుని నిలబడ్డారు. ఉత్తరీయం గాలికి వెనక్కి లేచింది. దారిలో మిరప చేలల్లోని కూలీలు ఎవరో నాయకుడు ప్రచారానికి వచ్చాడనుకుని చేతులు ఊపారు. ఆయన కాసేపు మొహమాటపడి, తర్వాత అందరికీ నిండుగా నమస్కారాలు పెట్టడం మొదలుపెట్టారు. ఊరు దగ్గరపడేసరికి, మెల్లగా పోనిమ్మని పైకప్పు మీద తట్టారు కూడా.

సందు మొగలో రాజరాజేశ్వరి గారు నిలబడి ఉన్నారు. బండి ఆగింది. ఆవిడ భర్తను కిందినుంచి పైదాకా చూశారు. బుల్లయ్య ఆయన్ను దిగమంటారనుకున్నాడు.

"బుల్లయ్యా, మా గుమ్మంలో ఉన్న పీట ఇట్లా తెచ్చి వెయ్యి," అన్నారావిడ. "మీరు కాస్త పక్కకు జరగండి."