ఎడమ చేతి క్లచ్

బగ్గీ కొన్న మొదటి నెలలో భానుశ్రీకి ఉత్సాహం ఎక్కువై ఆలోచన తక్కువైంది. గండిపేట అవతల మూతబడ్డ ఒక రిసార్టులో, వెనక ఆటో ఇంజను బిగించి ఎవరో తయారుచేసిన చిన్న బండి అది. ఇనుప గొట్టాల పంజరం, రెండు సీట్లు, నాలుగు చక్రాలు. తలుపుల్లేవు, అద్దాల్లేవు. పాత ఇనుము ధరకే వచ్చింది. తెచ్చినవాళ్ళు ముందు ఏం చెయ్యాలి? సరిగ్గా నడుస్తుందో లేదో చూసుకోవాలి. ఈవిడగారు స్టిక్కర్లు అంటించింది. నెత్తిమీద ఆరు లైట్ల పట్టీ పెట్టించింది. అంతటితో ఊరుకోక, చూసినవాళ్ళు జడుసుకోవాలని లావుపాటి టైర్లు వేయించింది. గచ్చిబౌలిలో ఆమె ఆఫీసు పద్ధతే అది మరి. లోపల ప్రోగ్రాం పడకేసినా పై తెర నిగనిగలాడితే డెమో గట్టెక్కుతుంది.

మణికొండలో వాళ్ళ అపార్ట్‌మెంటు సెల్లార్ ర్యాంపు మాత్రం డెమోలకి లొంగే రకం కాదు. తమ్ముడు రవికిరణ్ ఎక్కించబోతే బగ్గీ సగం దాకా వచ్చి, మూలిగి, ఆగిపోయింది. వాచ్‌మన్ ఎల్లేశం, పాలప్యాకెట్లకు బయల్దేరిన ఇద్దరు పెద్దమనుషులు కలిసి నెట్టాల్సి వచ్చింది.

"మేడమ్, లైట్లయితే మస్తుగున్నయ్," అన్నాడు ఎల్లేశం చెమట తుడుచుకుంటూ.

ఆమెకు తల కొట్టేసినట్టయింది.

తమ్ముడెందుకు నడిపాడంటే ఆమెకు నడిపే వీలు లేదు గనక. రెండేళ్ళ కిందట వానలో స్కూటర్ జారి ఎడమ కాలు మోకాలి కింద నుజ్జయింది. ఇప్పుడు నడుస్తుంది, చేతికర్ర కూడా వదిలేసింది. కానీ క్లచ్ తొక్కే బలం ఆ పాదానికి రాలేదు, ఇక రాదని డాక్టర్లు చెప్పేశారు. అంతకుముందు ఆమె పాత జీపు వేసుకుని గుట్టలెక్కిన మనిషి. ఆదివారం ఆదివారం తెల్లాపూర్ దాటి రాళ్ళలోకి వెళ్ళే బృందం ఒకటుంది. వాళ్ళు ఏనుగుబండ అని పేరు పెట్టుకున్న రాతి వాలుని, ఎవరూ చెయ్యి వెయ్యకుండా ఎక్కినవాళ్ళ బండికే ఆ జీపుల వరసలో చోటు. ప్రమాదం తర్వాత జీపు అమ్మేసింది, వరసలో చోటూ పోయింది. బృందం పెద్ద రాకేశ్ మంచివాడు. "నా పక్క సీటు ఎప్పుడూ నీదే భానూ," అన్నాడు. ఆ మంచితనమే ఆమెకు మింగుడు పడలేదు. రెండేళ్ళపాటు పక్కన కూర్చుని ఇంకొకరి చేతులు స్టీరింగు తిప్పుతుంటే చూసింది. తను నడుపుతూ ఆ బండ ఎక్కాలి. ఆమెకు కావలసింది అదొక్కటే.

మూసాపేటలో ఆటోలు బాగుచేసే మొగిలి సంగతి చెప్పింది ఎల్లేశమే. యాభై అయిదేళ్ళ మొగిలి బగ్గీ చుట్టూ ఒకసారి తిరిగాడు.

"గీ లైట్లేందమ్మా? పొద్దుగాల పోయి పగటికే వచ్చేటోళ్ళకు?"

"చూడ్డానికి బావుంటాయనండీ..."

"బాగనే ఉన్నయ్. పెండ్లిళ్ళకు కిరాయికిద్దాం." టైరుని కాలితో తట్టాడు. "ఇంజనేమో ఆటోది, చక్రాలేమో గింత పెద్దయి. పాపం, అదెట్ల గుంజుతది? సరే, జర నడుపు, చూస్త."

బండి యజమాని నడిపి చూపించనిదే మొగిలి బోల్టు ముట్టుకోడు. భానుశ్రీ కాలి సంగతి చెప్పింది. చేతి క్లచ్ కిట్లు విదేశాలనుంచి వస్తాయని, ఒక్క కిట్టు డబ్బుతో ఇలాంటి బగ్గీలు మూడు కొనొచ్చని, ఫోన్లో బొమ్మలు కూడా చూపించింది. మొగిలి బొమ్మల వంక చూడలేదు. బాగుచేసి పక్కన పెట్టిన ఆటో చూపించి, "అండ్ల కూసో," అన్నాడు.

"ఆటోలోనా అండీ?"

"డ్రైవర్ సీట్ల. ఎడమ చెయ్యి మంచిగనే ఉంది గద? క్లచ్ పట్టు. అదే పిడి తిప్పితే గేరు. బ్రేకు కుడికాలు. ఇగ చెప్పు, ఎడమకాలుకు ఏం పనుంది?"

ఏ పనీ లేదు. రెండేళ్ళుగా ఆఫీసుకి ఆటోలోనే వెళ్తోంది. రోజూ డ్రైవరు వెనకే కూర్చుని, అతని ఎడమ చెయ్యి కళ్ళెదుట ఆడుతుంటే, ఆమె తల వంచుకుని ఫోన్లో విదేశీ కిట్ల కోసం వెతికింది! తనని తాను తిట్టుకుంటూనే క్లచ్ వదిలింది. ఆటో సందులో ముందుకి కదిలింది. రెండేళ్ళ తర్వాత తన చేత్తో కదిలిన బండి అది. సందు చివరికి వెళ్ళేసరికి కళ్ళు నిండిపోయాయి.

"ఏడిస్తే బ్రేకు కనవడదు బిడ్డా," అని వెనకనుంచి కేకేశాడు మొగిలి.

తర్వాత నెలన్నరపాటు శనివారాలన్నీ ఆ షెడ్డులోనే గడిచాయి. లైట్లు, లావు టైర్లు ఆన్‌లైన్‌లో అమ్మేసి ఆ డబ్బుతోనే పని నడిపించారు. తుక్కు ఆటో హ్యాండిల్ ఎడమ సగం కోసి, సీటు పక్కన వెల్డింగ్ చేసి, కేబుళ్ళు ఇంజను దాకా లాగాడు మొగిలి. ఒక్క కుడిచేత్తోనే తిప్పుకోవాలి గనక స్టీరింగుకి జేసీబీ వాళ్ళు పెట్టుకునే గుండ్రటి పిడి బిగించాడు. అడుగున ఇంజనుకి రాళ్ళు తగలకుండా ఇనుప డ్రమ్ము రేకు అడ్డం వేశాడు. పాతవే అయినా పొందికైన టైర్లు దొరికాయి. మొదట్లో ఇంజను పదిసార్లు ఆగింది, గేరు జారింది, భానుశ్రీ అరచెయ్యి బొబ్బలెక్కింది. ఆమె మానలేదు.

పని పూర్తయ్యాక వచ్చిన ఆదివారం ఏనుగుబండ కింద ఎనిమిది జీపులు నిలబడ్డాయి. వాటి ముందు బగ్గీ పిల్లల ఆటవస్తువులా ఉంది. తన పనితనం చూసుకోడానికి మొగిలి కూడా వచ్చాడు.

"కష్టమనిపిస్తే ఆపెయ్ భానూ. నేనెక్కించి పెడతాను," అన్నాడు రాకేశ్.

ఆమె క్లచ్ పట్టింది. మొదటి గేరులో బండ మీదికి పోనిచ్చింది. సగం దాకా సాఫీగానే సాగింది. అక్కడ రాయి జానెడెత్తు మెట్టులా విరిగి ఉంటుంది. ముందు చక్రాలు ఎక్కాయి, వెనకవి ఆనుకుని ఆగిపోయాయి. ఒక చక్రం గిర్రున తిరిగి రాయి మీద పొగ లేచింది. బగ్గీ వెనక్కి జానెడు జారింది. రాకేశ్ చేతులు చాచి పరుగెత్తుకొచ్చాడు.

"ముట్టకు సార్!" మొగిలి గొంతు గుట్టంతా వినబడింది.

"ఎవరూ ముట్టుకోవద్దు!" భానుశ్రీ అంతకంటే గట్టిగా అరిచింది.

కుడిపాదం మడమ బ్రేకు మీద, వేళ్ళు యాక్సిలరేటరు మీద ఆనించింది. చక్రం గిర్రున తిరగకూడదు, ఇంజను ఆగిపోకూడదు, రెంటికీ మధ్య పట్టు దొరకాలి. క్లచ్ పిడిని రెండు వేళ్ళతో వెంట్రుకవాసి వదిలింది. ఇంకొంచెం వదిలింది. జీపు నడిపిన రోజుల్లో ఆమె పాదానికి ఇంత నాజూకు ఎన్నడూ తెలియదు. వేళ్ళకి తెలిసింది. టైరు రాయిని పట్టిన క్షణం అరచేతికి అందింది. మడమ ఎత్తేసింది. బగ్గీ వణికింది, మెట్టు మీదికి పాకింది, ఆగకుండా పైదాకా పోయింది.

కింద ఈలలు, హారన్లు. మొగిలి తలగుడ్డ విప్పి గాల్లో తిప్పుతున్నాడు. భానుశ్రీ నవ్వుతోంది, ఏడుస్తోంది, ఏదీ దాచుకోలేదు.

రాకేశ్ ఎగశ్వాసతో నడిచి పైకొచ్చాడు. "దిగు భానూ, దిగు! అందరం ఫోటో దిగుదాం."

"నేను దిగను రాకేశ్," అంది. "రెండేళ్ళు దిగే ఉన్నాను. మీరు బండ్లు తీసుకురండి."

గేరు వేసి గుట్ట అవతలి బాటలోకి పోనిచ్చింది. ఎనిమిది జీపులూ ఒకదాని తర్వాత ఒకటి బండెక్కి ఆమె వెనక వరసలో కలిశాయి.