విమానానికి మోచేయి

పెళ్ళయి ఇరవై మూడు రోజులైంది. లిఫ్టులు బాగుచేసే మొగుణ్ణి కంపెనీ మూడు నెలల శిక్షణకు ఎక్కడో దూరదేశపు నగరానికి పంపుతోందని తెలిస్తే కొత్త కోడలు ఏడవలేదు. నిబంధనల కాగితం తెమ్మంది. చదువుతూ పోయి ఒక వాక్యం దగ్గర వేలు ఆపింది: 'విమానంలో వెళ్ళే దూరం ఎనిమిది వేల కిలోమీటర్లు దాటితే భార్యకూ టికెట్టు.'

ఆ క్షణం నుంచి లోకంలో ఏ ఇల్లాలూ కోరనిది ఆమె కోరుకుంది. మొగుడు వెళ్ళే ఊరు ఇంకాస్త దూరం జరగాలి!

గోడమీది ప్రపంచ పటాన్ని దారంతో కొలిస్తే తొమ్మిది వేలు వచ్చింది. ఎగిరి గంతేసి పెట్టె సర్దేసింది.

మర్నాడు కంపెనీలో టికెట్లు చూసే మేడమ్ ఆ ఆశమీద నీళ్ళు చల్లేసింది. "పటం బల్లపరుపు తల్లీ, భూమి గుండ్రం. నేరుగా ఏడువేల తొమ్మిదివందల తొంభై ఆరే."

"నాలుగే కదండీ తక్కువ! మా ఇంటి నుంచి మార్కెట్టంత!"

"అయితే మార్కెట్టుకెళ్ళు. టికెట్టు మాత్రం రాదు."

ఇంటికొచ్చి పెట్టె మీద కూలబడింది. మొగుడు తల గోక్కున్నాడు. "పైకీ కిందికీ తప్ప పక్కకెళ్ళే దూరాలు నాకేం తెలుసోయ్?"

మెడలో టేపు వేసుకుని కుట్టుమిషను తొక్కుతున్న మామగారు కాలు ఆపారు. "అమ్మాయ్, మొహం అలా వేలాడేశావేం?"

ఆమె ఏకరువు పెట్టింది. అంతా విని ఆయన కొడుకు వైపు తిరిగారు. "ఆ విమానం తిన్నగా పోతుందట్రా?"

"తిన్నగా పోయేది లేదు నాన్నా. మధ్యలో ఓ ఊళ్ళో దిగి ఇంకోటెక్కాలి."

"చెయ్యి మడువు." ఆయన టేపును కొడుకు భుజం నుంచి మోచేతి మీదుగా మణికట్టుకు తిప్పారు. "పొడుగు చేతులకి ఇలా కదా కొలత! గాల్లో గీత గీసినట్టు భుజం నుంచి మణికట్టుకి కొలిస్తే చొక్కా నువ్వేసుకోలేవు, బొమ్మకి తొడగాలి. మీ మేడమ్ విమానానికి మోచెయ్యి మర్చిపోయిందిరా!"

కోడలు చెప్పులేసుకునేలోపే అత్తగారు తలుపు తీసి పట్టుకుంది. "పరిగెత్తు! ఆయన నోట మంచి మాట ఏడాదికోసారే వస్తుంది."

మేడమ్ 'విమానంలో వెళ్ళే దూరం' అన్న మాటను మూడుసార్లు చదివింది. రెండు విమానాల దూరాలూ కూడింది. ఎనిమిదివేల నాలుగువందల పన్నెండు! రెండు టికెట్లు అచ్చుకొట్టింది.

దారి పొడుగునా కొత్త కోడలు ఆ కాగితాలను నెమలీకల్లా నిమురుతూనే ఉంది. గుమ్మం దగ్గర ఠక్కున ఆగిపోయింది. మొగుడి సీటు నాలుగో వరుసలో, తనది ముప్పై ఒకటిలో!

"ఏవండీ," అంది నీరసంగా, "ఇరవై ఏడు వరుసల దూరం! మామయ్యగారిని అడగండి, దీన్ని కత్తిరించడం కుదురుతుందేమో."