వెనక్కి తిరిగిన స్కూప్

ఆపిల్ పై కోసం కలిపిన పిండిలోంచి కార్లీన్ నాలుగు ముద్దలు విడిగా తీసిపెట్టింది. కార్ల ప్రదర్శనకు వచ్చే భర్త వెండెల్ స్నేహితులకు రెండు పైలు, చర్చి భోజనాలకు ఒకటి. ఆ ముద్దలు మాత్రం కారుకి. అత్తగారు ఆర్డిత్ బతికుంటే ఊరుకునేది కాదు. "తినే పిండి తీసుకెళ్ళి ఇంజనుకి పూస్తావా? గ్యారేజీ మగాడి చోటు. ఆ ఒక్కటైనా నా కొడుక్కి వదిలెయ్యవే తల్లీ" అని ఎన్నిసార్లు అందో. వంటిల్లు ఎవరి చోటో, అందులోంచి తనకు ఎవరు ఏం వదిలారో ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు.

కారు కార్లీన్ నాన్నది. పాత నీలం షెవెల్. దాని బానెట్ కింద తల దూర్చి పెరిగిన పిల్ల కాబట్టి పోయేముందు ఆయన దాన్ని కూతురి పేరనే రాసి పోయాడు. అయినా ఒహాయోలోని ఆ చిన్న ఊరికి అది వెండెల్ కారు. పెట్రోలు పోసేవాడికీ, చర్చి పాస్టరుకీ, చివరికి ఆమె సొంత అన్నకీ వెండెల్ కారే. చలికాలంలో దాని మీద దుప్పటి కప్పేది, సీట్లు తుడిచేది, నూనె గుడ్డలు విడిగా ఉతికేది ఆమె. బోలెడు ఏళ్ళుగా గ్యారేజీలో ఆమె ఉద్యోగం ఒక్కటే, లైటు పట్టుకోవడం. "లైటు సరిగ్గా పట్టుకో. చెయ్యి ఎందుకలా వణుకుతుంది?" అనేవాడు వెండెల్. చెయ్యి వణికేది కాదు. అతను చూడాల్సిన చోటు వదిలి ఇంకెక్కడో చూసేవాడు, ఆమె లైటు అసలు చోటికి తిప్పేది.

ఈ వసంతంలో వెండెల్ ముచ్చటపడి ఇంకాస్త ఎత్తైన కార్బురేటరు తెచ్చి బిగించాడు. పైన ఎయిర్ ఫిల్టరు మూత బానెట్‌కి తగిలి, బానెట్ మూతపడటం మానేసింది. ఇక బానెట్‌కి కన్నం కోసి, దాని మీద ఎద్దు మూపురంలా లేచి ఇంజనుకి గాలి అందించే తొడుగు, స్కూప్, బిగించాల్సిందే. "ఇందులో ఏముంది, కంటితో చూసి కోసేద్దాం" అన్నాడు వెండెల్. కార్లీన్ బానెట్ మీద చెయ్యి వేసింది. ఒకసారి కోసిన రేకు మళ్ళీ అతుక్కోదు. ఆ రేకు మీద ఉన్నది నాన్న తన చేత్తో పూసిన రంగు.

కార్ల విడిభాగాల కొట్టులో కౌంటరు వెనక నిలబడి జుట్టు నెరిసిన మనిషి ఆమె. అక్కడా ఇదే కథ. "అమ్మాయ్, లోపల మగాళ్ళెవరైనా ఉంటే పిలువు" అనేవాళ్ళు వచ్చినవాళ్ళు. మేనేజరు వచ్చి, ఆమె వైపు వంగి మెల్లగా అడిగి, ఆమె చెప్పిందే గొంతు పెంచి వాళ్ళకు చెప్పేవాడు. వాళ్ళు తృప్తిగా తలూపి వెళ్ళేవాళ్ళు. ఇంటికొచ్చి ఇది చెబితే వెండెల్, "పోనిద్దూ, జీతం ఇస్తున్నారుగా" అనేవాడు. ఇంట్లో అదీ లేదన్న మాట ఆమె నోటిదాకా వచ్చి ఆగిపోయేది.

శనివారం పొద్దున వెండెల్‌కి నడుం పట్టేసింది. బేస్‌బాల్ ఆట మొదలయ్యే వేళకే పట్టేయడం దాని అలవాటు. అతను సోఫాలో ఒరిగాక కార్లీన్ పిండి ముద్దలు ఫిల్టరు మూత మీద అద్ది, పైన పొడి పిండి చల్లి, బానెట్ మెల్లగా దించింది. ఎత్తి చూస్తే రేకు అడుగున తెల్లటి అచ్చు. కోయాల్సింది అక్కడే. రేకుకి బలమిచ్చే అడుగు పట్టీలు తెగకుండా గీత గీసింది, రంగు లేవకుండా టేపు అంటించింది, మూలల్లో కన్నాలు వేసింది, ఊపిరి బిగపట్టి రంపం నడిపింది. అంచులు ఆకురాయితో నున్నగా చేసి, తుప్పు పట్టకుండా రంగు రాసింది. ఫిల్టరు చుట్టూ గాలి జారిపోకుండా రబ్బరు పట్టీ అమర్చింది. స్కూప్ నోరు వెనక్కి, డ్రైవరు ముందుండే అద్దం వైపు తిప్పి బిగించి, మళ్ళీ పిండి ముద్దలు పెట్టి బానెట్ మూసింది. ఈసారి ముద్దలు నలగలేదు, మూత ఎక్కడా తగల్లేదు. చాలా ఏళ్ళకు గ్యారేజీలో ఆమె ఒక్కతే నవ్వుకుంది.

వెండెల్ బీరు పట్టుకుని వచ్చాడు. "ఇదేంటి, వెనక్కి పెట్టావ్?"

"అద్దం కింద గాలి పోగవుతుంది. అక్కణ్ణుంచి పీల్చుకుంటుంది. ముందుకి పెడితే..."

"సరే సరే. చిప్స్ ఎక్కడున్నాయి?"

మర్నాడు మధ్యాహ్నం కోర్టు ముందు వీధంతా పాత కార్లే. కార్ల వెనక మడత కుర్చీల్లో మగవాళ్ళు, వాళ్ళ వెనక ఐస్ పెట్టెలతో ఆడవాళ్ళు. కార్లీన్ పై కోస్తోంది.

"ఎవర్రా చేసింది, బానెట్ కోత బాగుంది?" అన్నాడు వెండెల్ స్నేహితుడు రస్క్.

"ఎవరేంటి, నేనే" అన్నాడు వెండెల్. "నడుం విరిగిందనుకో."

కత్తి ఆగింది. ఒళ్ళు మండిపోయింది ఆమెకు. డబ్బు అడగలేదు, పొగడ్త అడగలేదు. ఇది ఆమె చేసింది అన్న మూడు మాటలు, నలుగురిలో ఒక్కసారి. అంతకన్నా ఏం కావాలనుకుంది? అయినా పాత అలవాటు కొద్దీ మళ్ళీ కోయడం మొదలుపెట్టింది.

రస్క్ చుట్టూ తిరిగి వచ్చి పగలబడి నవ్వాడు. "ఒరేయ్ వెండెల్, తిరగేసి పెట్టావు కదరా. కారు వెనక్కి నడుపుతావా ఏం?"

అందరూ నవ్వారు. వెండెల్ కూడా నవ్వాడు, అందరికన్నా గట్టిగా. "అది కార్లీన్ నిర్వాకం. నేను లోపలికెళ్ళి వచ్చేలోపు బిగించేసింది. ఆడవాళ్ళ చేతికి స్పానరిస్తే ఇంతే."

బహుమతులు నిర్ణయించే ఆర్విల్, పెద్దాయన, చేతికర్ర ఊతంగా నడుస్తూ అప్పుడే అక్కడికి చేరాడు. వంగి స్కూప్‌లోకి చూశాడు. "నవ్వు ఆపండర్రా. ఇలాంటివి ఇలాగే పెట్టాలి. గాలి అద్దం అడుగునే ఒత్తుకుంటుంది. ఇది తెలిసినవాళ్ళ పని. ఎవరిది?"

"ఐడియా నాదేనండీ" అన్నాడు వెండెల్, ఊపిరైనా తీసుకోకుండా. "ఏదో ఆమె కాస్త లైటు పట్టుకుంది."

"అలాగా. లోపల గాలి బయటికి పోకుండా ఎలా మూశావో చూపించు."

వెండెల్ బానెట్ ఎత్తాడు. టార్చి వెలిగించి ఒకసారి బ్యాటరీ మీద, ఒకసారి రేడియేటరు మీద వేశాడు. చుట్టూ ఉన్నవాళ్ళ నవ్వు పలచబడింది. అతను తలెత్తి కార్లీన్ కోసం చూశాడు, కౌంటరు దగ్గర మేనేజరు చూసినట్టే. మెల్లగా చెబితే గట్టిగా అప్పజెబుదామని.

ఆమె కత్తి పక్కన పెట్టి, చేతులు ఏప్రాన్‌కి తుడుచుకుంది.

"కార్లీన్, నాకింకో ముక్క" అన్నాడు రస్క్.

"కత్తి అక్కడే ఉంది, కోసుకో."

ఏప్రాన్ విప్పి వెండెల్ ఖాళీ కుర్చీ మీద పడేసి, కారు దగ్గరికి వచ్చింది. ఆర్విల్‌తో, "ఇది నా కారు, నా పనండీ. చూపిస్తాను" అని, భర్త మణికట్టు పట్టుకుని టార్చిని ఫిల్టరు చుట్టూ ఉన్న రబ్బరు మీదికి తిప్పింది.

"లైటు సరిగ్గా పట్టుకో, వెండెల్. చెయ్యి ఎందుకలా వణుకుతుంది?"