రెండో బిళ్ల

"పేజీ ఏదమ్మా?"

సంహిత మేడం ఇలా అడగడం మూడోసారి. గోడ మీద తెర తెల్లగా వెలిగిపోతోంది. పైన 'గని సైరన్' అన్న వికీ పేజీ పేరుంది, కింద ఒక్క అక్షరం లేదు. నిన్న సాయంత్రం దాకా అక్కడ నలభై రెండు పేరాలు, పదకొండు ఫొటోలు ఉన్నాయి. తిరుమల తెర దగ్గరికి వెళ్లి మళ్లీ చూసింది.

సంహిత మేడం యూనివర్సిటీ పంపిన పరీక్షాధికారి. ఆమె సంతకం పడితేనే గోదావరిఖనిలోని ఆ చిన్న ప్రైవేటు కాలేజీలో మీడియా స్టడీస్ ఆఖరి ఏడాది ప్రాజెక్టు పాసైనట్టు. పడకపోతే ఏడాది గంగలో కలిసినట్టే.

"ఏం చేసినవే తిరుమలా?" అన్నాడు పక్కనున్న విజయేంద్ర, తనకేం సంబంధం లేనట్టు.

"నేనేం చేస్త?"

"మరి మేం చేసినమా? మేం అసలు ముట్టుకోనే లేదు," అన్నాడు జైపాల్.

అది మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. ముగ్గురి గ్రూపు అంటే ఒకరు పల్లకీ మోసే బోయీ, ఇద్దరు పెళ్లికొడుకులు. నాలుగు నెలల్లో విజయేంద్ర తన బ్లాగుకు ఏడుసార్లు రంగు మార్చాడు. జైపాల్ గని ముందు నల్లకళ్లద్దాలతో నిలబడి ఫొటో దిగి, 'మా పరిశోధన' అని పెట్టుకున్నాడు. రామకృష్ణాపూర్ నుంచి గోలేటి దాకా బస్సుల్లో తిరిగి, సైరన్ కూతతో బతుకు నడుపుకున్న ముసలివాళ్లను కూర్చోబెట్టి రాసుకున్నది తిరుమల ఒక్కతే.

రఘుపతి సార్ చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. ఈ ప్రాజెక్టు ఆయనదే. వికీలు, బ్లాగుల మీద ఆయన కోర్సు పెట్టడానికి అసలు కారణం, పిల్లలు వాళ్లలో వాళ్లే రాసుకుంటే ఆయన పాఠం చెప్పక్కర్లేదు. ఓపిక లేని రోజు "గ్రూపులుగా చర్చించుకోండి" అని లాప్‌టాప్ ముందు కూలబడేవాడు. అట్లాంటి రోజులు వారానికి ఆరు.

"గ్రూపుల కొట్లాటలు మామూలే మేడం," అన్నాడు జాలిగా. "అంతా నేనే చేస్తున్న, వీళ్లకెందుకు మార్కులని ఈ పిల్ల వారం నుంచి నా పానం తీస్తుంది. కోపంల తుడిచేసినట్టుంది."

"సార్!" అంది తిరుమల.

"అరవకు. మేడం ముంగట గట్లనేనా మాట్లాడేది?"

సంహిత మేడం ఇద్దరినీ పట్టించుకోలేదు. మౌస్ కదిపి, పేజీ పైన మూలలో 'చరిత్ర' అన్న చోట నొక్కింది. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో వరసగా కిందికి జారింది.

"అదేంది మేడం?" అన్నాడు సార్. రెండేళ్లుగా వికీలు బోధిస్తున్న మహానుభావుడికి వికీ ప్రతి మార్పునూ రాసిపెట్టుకుంటుందన్న సంగతి అప్పుడే తెలిసింది. మొహంలో రంగు మారింది. కానీ అన్నిటికన్నా పైనున్న వరస చదవగానే మళ్లీ పొంగిపోయాడు.

'తిరుమల. ఈ రోజు. 3:47. పేజీ మొత్తం తొలగింపు.'

"చూసిన్రా మేడం! తెల్లారుజామున మూడుముప్పావుకు లేచి మరీ తుడిచింది!"

విజయేంద్ర, జైపాల్ ఆమెకు రెండడుగులు దూరం జరిగారు. సంహిత మేడం పెన్ను తీసింది. "నీ లాగిన్ నుంచే జరిగిందమ్మా. సున్నా వేయడం తప్ప నేనేం చేయగలను?"

తిరుమల ఆ వరసను మళ్లీ చదివింది. తన పేరు, తన లాగిన్. ఆ పాస్‌వర్డ్ తను ఎవరికీ చెప్పలేదు. చెప్పే పిల్ల కాదు. నాన్న సదయ్య గనిలో ల్యాంపు రూములో పనిచేస్తాడు. షిఫ్టుకు దిగే ప్రతి కార్మికుడికీ నంబరు బిళ్ల, దీపం ఇచ్చేది ఆయనే. "నీ బిళ్ల ఒకని చేతిల పెట్టినవా, పైన నువ్వున్నా లోపల నువ్వు సచ్చినట్టే," అని చిన్నప్పటి నుంచి చెప్పేవాడు. దాంతోపాటు ఇంకో మాట కూడా చెప్పేవాడు. "ప్రతి నంబరుకు రెండు బిళ్లలుంటయ్ బిడ్డా. ఒకటి మనిషి కాడ, ఇంకోటి ఇచ్చినోని బోర్డు మీద."

ఇచ్చినోని బోర్డు మీద!

తిరుమల తలెత్తింది. "మేడం, ఒక్క నిమిషం. గా కంప్యూటర్ నాకియ్యండి."

"ఇంకేం తుడుస్తది మేడం, ఇయ్యకుండ్రి!" అన్నాడు సార్.

మేడం కుర్చీ ఖాళీ చేసింది. తిరుమల తన లాగిన్‌తో ఆ ఖాళీ పేజీలో ఒక్క చుక్క పెట్టి, భద్రపరిచి, చరిత్ర తెరిచింది. కొత్త వరస వచ్చింది: 'తిరుమల. ఈ రోజు. 5:52.'

"గోడ గడియారం చూడుండ్రి మేడం."

పదకొండుంపావు దాటి ఏడు నిమిషాలు.

"ఈ వికీ మన టైము సూపిస్తలేదు. అయిదున్నర గంటలు ఎనకున్నది. అంటే పేజీ తుడిచింది తెల్లారుజామున కాదు. పొద్దున తొమ్మిది పదిహేడుకు."

"అయితే?" అన్నాడు సార్.

"తొమ్మిదింటి నుంచి పదింటి దాకా మీ క్లాసే గద సార్. మీ రిజిస్టర్ల నేను హాజరున్న. ఫోన్లన్నీ మీరే బుట్టల ఏపిచ్చి టేబుల్ మీద పెట్టుకున్నరు. గ్రూపులుగా చర్చించుకోమని మీరు లాప్‌టాప్ ముంగట కూసున్నరు."

"ఆఁ, నా ఫోను గుడ బుట్టలనే ఉండె," అన్నాడు జైపాల్. నాలుగు నెలల్లో ఆ ప్రాజెక్టుకు వాడు చేసిన మొదటి సాయం అది.

"మరి నీ పాస్‌వర్డ్ ఇంకెవరికి తెలుసు?" అంది మేడం.

"నాకిచ్చినాయనకు తెలుసు మేడం. అందరి లాగిన్లు ఆయనే చేసి చీటీల మీద రాసిచ్చిండు. మార్చుకుంటే మార్కులు కట్ అన్నడు."

సంహిత మేడం చరిత్రలో నిన్నటి వరస నొక్కింది. నలభై రెండు పేరాలూ తెర మీదికి తిరిగొచ్చాయి. తుడిస్తే పోతుందనుకున్న మనిషి నోరు తెరిచి చూశాడు. మేడం మొదటి పేరా చదివి ఆగింది. సంచీలోంచి ఒక పుస్తకం తీసింది. పొద్దున శాలువాతో పాటు సార్ ఆమెకు బహూకరించిన పుస్తకం. అట్ట మీద 'బొగ్గు ఊరి సైరన్: ఒక పరిశోధన', కింద రఘుపతి పేరు, ఆయన ఫొటో. పేరు కన్నా ఫొటో పెద్దది. పరీక్షకు వచ్చినామె పిల్లల పేజీ కూడా చదువుతుందని ఆయనకు శాలువా కప్పాకే తట్టినట్టుంది.

"సార్, మీ నాయనమ్మగారి పేరేమిటి?"

"ఆఁ? రాజవ్వ మేడం. ఎందుకు?"

మేడం పుస్తకం విప్పి పైకి చదివింది. "'మా నాయనమ్మ లస్మవ్వ మొదటి సైరన్ కూతకే పొయ్యి వెలిగించేది.' ఇది మీ మూడో పేజీ. తెర మీద కూడా ఇదే ఉంది."

విజయేంద్ర ఫక్కున నవ్వి, సార్ చూడగానే దగ్గుగా మార్చుకున్నాడు. ఎత్తిరాసే ఓపిక ఉంది కానీ చదివే ఓపిక లేదు ఆ మనిషికి. తిరుమల నాయనమ్మను కూడా తన పేరు మీద అచ్చేయించుకున్నాడు.

"అది... టైపు చేసినోడు..." అని సార్ నసిగాడు.

సంహిత మేడం సున్నా వేయబోయిన కాగితం పక్కకు నెట్టి తెల్ల కాగితం ముందుకు లాక్కుంది. "నేను నివేదిక రాయాలి. నా ఊహ రాయలేను. పేజీ తుడిచిందెవరో నువ్వే చెప్పమ్మా. పేరుతో సహా."

సార్ తిరుమల వంక చూశాడు. ఇంటర్నల్ మార్కులు ఇంకా తన చేతిలోనే ఉన్నాయని ఆ చూపు గుర్తు చేస్తోంది. తిరుమల ఆ చూపును పూర్తిగా అందుకుని, తల దించకుండా చెప్పింది.

"రఘుపతి సార్ మేడం. రాసుకోండ్రి."